తడవని వసారా

ఆ వానాకాలం మా వసారా తడవలేదు. మా నాన్న పోయింది అందుకే.

ఈ రెండు ముక్కలకీ సంబంధం ఏమిటని అడిగారంటే మీరు మా ఊరివాళ్లు కాదన్నమాట. మా ఊళ్లో నది పొంగితే జనం నది వంక చూడరు, మా ఇంటి వంక చూస్తారు.

మా ఇల్లంటే నేను కాపురానికొచ్చిన ఇల్లు. కరకట్ట రోడ్డు మీద నదికి ఎదురుగా ఉండేది. మందపాటి గోడలు, తల వంచుకుని దాటాల్సిన గుమ్మాలు, ముందు పొడుగాటి వసారా. వసారాకి కుడి చివర ఉన్న చెక్క స్తంభం నిండా గీతలు. వరద వచ్చిన ప్రతిసారీ ఆ ఇంటి పెద్ద ఉలి, సుత్తి పట్టుకుని నీళ్లలో నిలబడి, నీటిమట్టం దగ్గర ఒక గీత చెక్కేవాడు. నీళ్లు తీశాక బురద మరక చూసి చెక్కింది గీతే కాదని ఆ ఇంటి కట్టుబాటు.

గీతలకి పేర్లున్నాయి. అన్నిటికంటే పైన పెద్దగీత. దాని కింద పెళ్లిగీత. ఎవరి పెళ్లి మునిగిందో ఇప్పుడెవరికీ గుర్తులేదు. అన్నిటికంటే కింద, వసారా నేలకి జానెడు పైన, దూడగీత. ఆ ఏడు ఊరు మొత్తానికీ కొట్టుకుపోయింది ఒక్క దూడేనట.

దిగువ వీధికి ఆ దూడగీతే గడియారం. నీళ్లు దాన్ని తాకితే పిల్లాజెల్లాతో గట్టెక్కాలి. తాకకపోతే పొయ్యి మీది గిన్నె దించక్కర్లేదు. అందుకే నది కాస్త ఎర్రబడగానే దిగువ వీధి నుంచి ఎవరో ఒకరు వచ్చి, "ఎక్కడుంది?" అని అరిచేవారు. మా ఇంట్లోంచి ఎవరో ఒకరు జవాబు చెప్పేవారు. ఆ జవాబు మీద వీధి మొత్తం పడుకునేది, లేచేది.

నేను పుట్టింది ఆ దిగువ వీధిలోనే. మా నాన్న పడవల పగుళ్లకి తారు పూసేవాడు. అందరూ తారుతాత అనేవాళ్లు. ఆయన రాకముందే ఆయన వాసన వచ్చేది.

ఆ ఏడు వానలకి ముందే కరకట్ట రోడ్డు వెడల్పు చేస్తారని కబురొచ్చింది. ఎర్ర రంగు డబ్బాలతో మనుషులొచ్చి, కూలగొట్టే ఇళ్ల గోడల మీద గుర్తులు పెట్టుకుంటూ పోయారు. మా ఇంటి గోడ మీదా పెట్టారు. మా ఆయన ఆ గుర్తు ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. ఆయన పంపులు బాగుచేస్తాడు. ముందుగదే ఆయన షాపు. పుట్టిందీ, పని నేర్చుకుందీ, మోటారు మీద పడి చిటికెనవేలు పోగొట్టుకుందీ ఆ గదిలోనే. బదులుగా ఊరి బయట రాళ్ల దిబ్బ చూపించారు. అక్కడ పంపు ఎవడికి కావాలి?

దారి ఒక్కటే మిగిలింది. వారసత్వ కట్టడాల జాబితాలో ఇల్లు చేరితే రోడ్డే వంపు తిరిగి పోతుంది. మా ఆయన తిరగని ఆఫీసు లేదు. చివరికి ఆ శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. భుజాన కెమెరా, నడుముకి టేపు. దిగువ వీధి పిల్లలు మొదటి రోజే టేపు మేడమ్ అని పేరు పెట్టేశారు.

"చెక్కిన తలుపులు చూడండి మేడమ్, దూలాలు చూడండి," అంటూ మా ఆయన ఆవిణ్ణి ఇల్లంతా తిప్పాడు.

"బావున్నాయండీ. కానీ ఇలాంటి తలుపులు ఈ నది పొడుగునా వంద ఇళ్లకుంటాయి," అందావిడ. మా ఆయన మొహం వాడిపోయింది. అప్పుడే బయట దిగువ వీధి మనిషి సైకిలు ఆపి, ఒంటికాలు నేల మీద పెట్టి, "ఎక్కడుంది?" అని అరిచాడు. "మెట్లకి ఇంకా దూరమే, పో!" అని మా మామయ్య కుర్చీలోంచే జవాబిచ్చారు.

టేపు మేడమ్ ఆగిపోయింది. "ఏమడిగాడు ఆయన?"

మామయ్య చెప్పారు. గీతలన్నీ పేరుపేరునా చూపించారు. ఆవిడ స్తంభం ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. "తలుపుల గురించి మర్చిపోండి," అంది నెమ్మదిగా. "ఒక ఊరు ఒక ఇంటిని చూసి బతకడం నేనింతవరకూ చూళ్లేదు. విలువంటే ఇదండీ."

ఆ రాత్రి మా ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ మేస్త్రీలు వాడే పారదర్శకపు గొట్టం తెచ్చింది. గొట్టంలో నీళ్లు పోసి ఒక కొస ఇక్కడ, ఇంకో కొస అక్కడ పట్టుకుంటే రెండు చోట్లా మట్టం ఒకటే ఉంటుంది. రోడ్డుకి అవతల పాత రేవు ఆఫీసు గోడ మీద కూడా పెద్ద వరద గుర్తు ఒకటి రంగుతో వేసుంది. ఒకే వరద కాబట్టి అదీ, మా పెద్దగీతా ఒకే ఎత్తులో ఉండాలి. ఒక కొస నేను పట్టుకున్నాను. ఇంకో కొస ఆవిడ పట్టుకుంది.

ఉండలేదు. మాది మోకాలెత్తు పైన తేలింది.

ఆవిడ మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే. వసారాలోకొచ్చి కూర్చుంది. కళ్లు మెరుస్తున్నాయి. "రేవు ఆఫీసు గుర్తు తర్వాతెప్పుడో అంచనాగా వేసి ఉంటారు. మీది నీళ్లలో నిలబడి చెక్కింది. అంటే ఆ వరద మనం రాసుకున్న దానికంటే చాలా పెద్దదన్నమాట! ఈ నది గురించి మనకి తెలిసిందంతా తప్పని ఈ స్తంభం ఒక్కటే చెబుతోంది. ఇలాంటి ఇంటిని ఎవరు కూల్చగలరండీ?" మా ఆయన వైపు తిరిగింది. "ఇంట్లో మార్పులేమైనా చేశారా?"

"సున్నం తప్ప ఇంకేం లేదు మేడమ్."

నేను టీ గ్లాసులు అందిస్తున్నాను. మామయ్య చెయ్యి గ్లాసు కోసం సగం దాకా వచ్చి గాలిలో ఆగిపోయింది. ఆయన స్తంభాన్ని చూడటం లేదు. వసారా కింద, సున్నం కొట్టిన ఇటుక గోడని చూస్తున్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. టీ ఆవిడ చీర మీద ఒలికింది.

మా మామయ్య వంతెనల పనిలో మేస్త్రీ. బరువులెత్తే జాకీలు ఆయన చేతిలో బొమ్మల్లా తిరిగేవి. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఏటేటా బురద ఎత్తిపోయలేక, ఆయన ఇల్లంతటినీ జాకీల మీద మోకాలెత్తు పైకి లేపి కింద ఇటుక కట్టేశారు. ఊరు ఊరంతా పని మానుకుని చూసింది. గోడకి పగులొస్తుందేమోనని అందరూ గోడనే చూశారు. పగులు రాలేదు. ఈలలు వేశారు. ఆయన్ని భుజాల మీద ఊరేగించారు. ఇంటితో పాటు స్తంభం, స్తంభంతో పాటు గీతలు కూడా పైకి వెళ్లాయని ఆ రోజు ఒక్కడికీ తట్టలేదు. తర్వాత ఎగువన ఆనకట్ట కట్టారు. పెద్ద వరద రాలేదు. తట్టాల్సిన అవసరమూ రాలేదు.

టేపు మేడమ్ బస్సెక్కాక మామయ్యని అడిగాను. "మామయ్యా, గీతలు?"

"ఇల్లెత్తిన వాణ్ణి, గీతలు కింద వదిలేసి ఎత్తుతానా అమ్మా?" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. అరచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, నేల నుంచి అంతెత్తు కొలుచుకున్నారు.

అంటే నీళ్లు అసలు దూడగీత ఎత్తుకి వచ్చినా, ఇప్పుడు మా వసారా నేల కూడా తడవదు. దిగువ వీధి మాత్రం మునుగుతుంది.

"ఆవిడకి చెప్పేద్దాం," అన్నాను.

"చెప్పి?" మా ఆయన స్పానరు బల్ల మీద పెట్టాడు. "ఇల్లెత్తారు, గీతలు కదిలాయి, ఇంక దీనికి విలువేమిటి అని రాసుకుని పోతుంది. వారం తిరక్కుండా బుల్‌డోజరు వస్తుంది. అదేనా నీకు కావాల్సింది?"

"మా వాళ్లుండేది దిగువ వీధిలో."

"తెలుసు. నాకేం వాళ్లు పగవాళ్లా? కాగితం చేతికొచ్చే దాకా నోరు కట్టుకోమంటున్నా, అంతే. ఈలోపు నది పొంగితే నేనే వెళ్లి చెప్తా. ఒట్టు. చాలా?"

ఒట్టు వేసినప్పుడు ఆయన అబద్ధమాడలేదు. అది మాత్రం నేనిప్పటికీ నమ్ముతాను.

నాకు మాత్రం కాళ్లు నిలవలేదు. మర్నాడు పుట్టింటికెళ్లాను. నాన్న బోర్లించిన పడవ పక్కన పీట మీద కూర్చుని తారు పూస్తున్నాడు. నడుము కింద పట్టు తప్పి అప్పటికి చాలా కాలమైంది. పీటతో పాటే జరిగేవాడు. తమ్ముడు తారు డబ్బా పొయ్యి మీద కాస్తున్నాడు.

"ఏంటమ్మా, పైవీధి మహారాణీ, దారి తప్పావా?" అన్నాడు నాన్న.

చెప్పాను. తమ్ముడు పడీపడీ నవ్వాడు. "అక్కా, రోడ్డువాళ్లు మమ్మల్నీ ఇక్కణ్ణుంచి ఖాళీ చేయించడానికి మొన్న పాములున్నాయన్నారు. నిన్న జ్వరాలన్నారు. ఇప్పుడు స్తంభం మీద కూడా పుట్టించారా పుకారు? మీ ఇంటికి గుర్తు పెట్టినందుకు మమ్మల్నీ తోడు తీసుకెళ్దామనా?"

"పుకారు కాదురా. ఇల్లు లేపినప్పుడు గీతలూ లేచాయి."

నాన్న కుంచె ఆగింది. ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణం ఇంకాస్త సాగి ఉంటే ఎంత బావుండేదో. "ఇల్లు లేపిన రోజు నేనూ చూశాగా," అన్నాడు మళ్లీ పూస్తూ. "మీ మామ చెయ్యి వణకలేదు. అలాంటివాడు గీతల సంగతి చూసుకోకుండా ఉంటాడా? మా తాత ఆ స్తంభాన్ని నమ్మాడు, మా నాన్న నమ్మాడు. మైకులు అరుస్తాయి, ఆఫీసర్లు అరుస్తారు. స్తంభం ఎప్పుడైనా అబద్ధం చెప్పిందా?"

"నా మాట మీద నమ్మకం లేదా నాన్నా?"

"నీ మాటకేం, బంగారం. కానీ వీధిని లేపడానికి నీ మాట చాలదు తల్లీ. మీ మామని వచ్చి చెప్పమను. అప్పుడు అందరం వింటాం."

ఇంటికొచ్చి మామయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అనుకున్నానమ్మా," అన్నారు. "రేపు పొద్దున్నే వెళ్తా."

రేపు పొద్దుటికి ఎగువన గేట్లెత్తేశారు.

లేచి చూసేసరికి రోడ్డు లేదు. నది మా మెట్లు ఎక్కేసింది, చిక్కగా, ఎర్రగా, చప్పుడు లేకుండా. వాన కొడుతోంది. ముందురోజు సాయంత్రం చివరి ఫోటోల కోసమని వచ్చి సత్రంలో దిగిన టేపు మేడమ్, వరద స్తంభాన్ని తాకే ఫోటో దొరుకుతుందని మోకాళ్ల దాకా తడుస్తూ తెల్లారే వచ్చేసింది. నేను అటక మీద ఉన్నాను, బియ్యం డబ్బాలూ పరుపులూ పైకి లాగుతూ. మామయ్య వెనక గదిలో గొడుగు వెతుక్కుంటున్నారు, దిగువ వీధికి వెళ్లడానికి.

అటక కిటికీలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "బావా! ఎక్కడుంది?"

మా ఆయన వసారాలో ఉన్నాడు. పక్కనే టేపు మేడమ్ కెమెరా తుడుచుకుంటోంది. ఆవిడ బ్యాగులో ఇంకా సంతకం పడని కాగితం ఉంది.

నేను చెవులు రిక్కించాను. ఇప్పుడు చెప్తాడు. ఒట్టేశాడు కదా.

"వసారా పొడిగానే ఉందిరా!" అన్నాడు మా ఆయన.

అది అబద్ధం కాదు. వసారా నిజంగానే పొడిగా ఉంది.

నిచ్చెన దిగానో దూకానో గుర్తులేదు. వసారాలోకి వచ్చేసరికి తమ్ముడు మలుపు దాటుతున్నాడు. నడుముల్లోతు నీళ్లలోకి దిగి గొంతు చించుకున్నాను. వాన నా కేకని నాకే ఇచ్చేసింది. రెండడుగులు వేశాను. కాళ్ల కింద రోడ్డు జారిపోయింది. మా ఆయన జబ్బ పట్టి వెనక్కి లాగాడు.

"ఏమన్నావు వాడితో?"

ఆయన నా జబ్బ వదల్లేదు.

అప్పుడు మామయ్య మా ఇద్దరి మధ్యనుంచి మెట్లు దిగారు. చేతిలో గొడుగు లేదు. ఉలి, సుత్తి ఉన్నాయి. నీళ్లలో నిలబడి, వసారా కింద తాను కట్టిన ఇటుక గోడ మీద మోకాలితో ఎత్తు చూసుకుని, నీటి లోపలికి చెయ్యి పెట్టి తడిమారు. తర్వాత నీళ్లకి పైన గోడ మీద బాణంలా కిందికి చూపిస్తూ ఒక గుర్తు కొట్టడం మొదలుపెట్టారు. సున్నం పెచ్చులుగా ఊడి నీళ్లలో తేలింది.

"ఏం చేస్తున్నారు? గోడ పాడవుతుంది!" అంది టేపు మేడమ్.

"దూడగీత దాని చోట పెడుతున్నానమ్మా. ఇప్పటికే మునిగిపోయింది."

"అంటే... మీరు ఈ ఇంటిని..."

"ఎత్తాను. నేనే ఎత్తాను. ఊరంతా చూసింది."

ఆవిడ ఆయన్ని చూసింది, స్తంభాన్ని చూసింది, మా ఆయన్ని చూసింది. కెమెరా మూత పెట్టి సంచిలో వేసేసింది. తర్వాత కొంగు నడుముకి బిగించి, "దిగువ వీధికి ఏ పక్కనుంచి వెళ్లొచ్చు?" అని అడిగింది. అంతే. ఇంకో మాట అనలేదు. ఏమైనా అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

మామయ్య సుత్తి ఆపలేదు. ఆ చప్పుడుకి పక్క మేడల మీది జనం తొంగి చూశారు. "దూడగీత మునిగింది! దిగువ వీధిని లేపండి!" అని ఆయన అరిచారు. జాకీల మేస్త్రీ నీళ్లలో నిలబడి గోడ కొడుతుంటే ఎవడు నమ్మడు? ఆ కేక మేడ నుంచి మేడకి పాకింది. పడవలు కదిలాయి. టేపు మేడమ్ ఇద్దరు పిల్లల్ని చెరో చంకనా ఎత్తుకుని రావడం నేను చూశాను. వీధిలో నూటికి తొంభై తొమ్మిది మంది గట్టెక్కారు.

మా ఆయన అందరికంటే ముందు వెళ్లాడు, ఈదుకుంటూ.

కానీ రెండో కబురు వెళ్లేలోపు రేవు పక్కన కట్ట తెగింది. పొడిగానే ఉందని తమ్ముడు చెప్పగానే నాన్న, "చెప్పానా?" అన్నాడట. పడవ కింద తారు ఆరలేదనీ, అది ఆరే దాకా కదలననీ అన్నాడట. పక్కింటి ముసలమ్మకి సాయం పట్టడానికి తమ్ముడు అటు వెళ్లాడు. వెనక్కి తిరిగేసరికి పడవ ఉంది, పీట లేదు.

మధ్యాహ్నం మా ఆయన నాన్నని భుజాన వేసుకుని తెచ్చాడు. వసారాలో, ఆ స్తంభం పక్కన పడుకోబెట్టాడు. నేల పొడిగా ఉంది. నాన్న ఒంటి నుంచి కారిన నీళ్లతోనే మొదటిసారి తడిసింది. అన్ని నీళ్లలో నానినా తారు వాసన పోలేదు.

ఎవరూ మా ఆయన్ని ఏమీ అనలేదు. తమ్ముడు కూడా. "బావ ఉన్నదే చెప్పాడు," అన్నాడు వాడు అందరితో. వాడికి అసలు సంగతి తెలుసో లేదో నాకు తెలీదు. నేను అడగలేదు.

టేపు మేడమ్ రిపోర్టు వానలు వెలిశాక వచ్చింది. ఇల్లు కదిలించినది కాబట్టి జాబితాకి అర్హత లేదు. స్తంభాన్ని మాత్రం ప్రదర్శనశాలకి తరలించవచ్చు. కింద చేత్తో ఒక వాక్యం రాసింది. ఈ ఇంటి విలువ గురించి తను మొదట అనుకున్నది తప్పు కాదనీ, దాన్ని నిరూపించే పద్ధతి ఏ నియమాల్లోనూ లేదనీ.

మా ఆయన అది చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ సీజనంతా ఆయన మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాత్రి అన్నం పెడితే, "చాలు," అనేవాడు. నేను, "ఇంకాస్త," అనేదాన్ని. మా కాపురం ఆ రెండు మాటల మీద నడిచింది.

బుల్‌డోజరు రావడానికి ముందు రోజు దిగువ వీధి మగాళ్లందరూ వచ్చారు. ప్రదర్శనశాల వాళ్లకంటే ముందే వచ్చారు. కప్పుకి ఊతమిచ్చి, మామయ్య దగ్గరుండి చెబుతుంటే, స్తంభాన్ని విడదీశారు. పది మంది భుజాల మీద మోసుకెళ్లి తమ వీధి మొదట్లో పాతారు. ఎంత లోతుకి పాతాలో టేపు మేడమ్ ఇచ్చి పోయిన గొట్టంతో రేవు ఆఫీసు గుర్తు నుంచి మట్టం పట్టి చూసుకున్నారు. మామయ్య ఒకసారి చూసి, "ఇంకో వేలు దించండి," అన్నారు. దించారు. గీతలన్నీ ఇన్నేళ్ల తర్వాత వాటి చోటికి వచ్చాయి.

ఆ ఏడాది గీత చెక్కడం మిగిలింది. నీళ్లలో నిలబడి ఎవరూ చెక్కలేదు. ఆ రోజు ఎవరి చేతులూ ఖాళీగా లేవు. మా ఇటుక గోడ మీది బురద మరక నుంచి మట్టం పట్టారు. కట్టుబాటు తప్పుతుందని ఎవరో గొణిగారు. మామయ్య ఉలిని తమ్ముడికి అందించబోయారు. తమ్ముడు తీసుకోలేదు. మా ఆయన వైపు చూశాడు.

"నువ్వు చెక్కు బావా," అన్నాడు.

మా ఆయన వచ్చాడు. వేలు లేని చేత్తో ఉలి పట్టుకుని చెక్కాడు. చాలాసేపు చెక్కాడు. గీత మిగతా వాటికంటే లోతుగా పడింది. దానికేం పేరని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మేముండేది దిగువ వీధిలో, అద్దెకి. మామయ్య లేరు. పాత ఇంటి చోట లారీలు పోతుంటాయి. వాన పట్టినప్పుడు తమ్ముడు గోనెపట్టా కప్పుకుని వీధి మొదటికి వెళ్లి చూసొస్తాడు. నేను గుమ్మంలో నిలబడతాను. మా ఆయన నా వెనక నిలబడతాడు, చీకట్లోనే.

"ఎక్కడుందిరా?" అంటాను.

"దూడ దగ్గరికే రాలేదక్కా," అంటాడు తమ్ముడు పట్టా దులుపుకుంటూ. "నాన్న ఇంకా చాలా పైనున్నాడు. పడుకోండి."